నొప్పి లేని పుండు

(మధుమేహము నాడులకును మెదడునకును చేయు కీడును గూర్చి నాగ్‌పాడాలో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



  షుగరు వ్యాధి పేరు వినని ఇల్లు మన గల్లీలలో నేడు లేదు. "షుగరున్నది, మాత్ర వేసికొనుచున్నాను, నాకేమియు బాధ లేదు" అని చెప్పువారే ఎక్కువ. ఆ చివరి మాటను గూర్చియే మేము నేడు మాటాడ దలచితిమి. ఈ వ్యాధి ముదిరినచో బాధను తెలుపవలసిన నాడులే చెడిపోవును. అట్టివానికి బాధ లేదనుట, కావలివాడు చచ్చిన ఇంటిలో అలికిడి లేదనుట వంటిది.

భారత వైద్య పరిశోధన మండలి వారి పూనికతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది యనియు, ఆ వ్యాధి గుమ్మమున నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షల మంది యనియు అందు తేలినది. పల్లెలలో పెద్దవారిలో నూటికి సుమారు 9 మందికి ఈ వ్యాధి యుండగా, పట్టణములలో 16 మందికి పైగా నున్నది.

పట్టణమున ఏల ఎక్కువ? మన కథనే చూడుడు. పదునెనిమిదవ శతాబ్దము చివర, హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తియై ఈ దీవుల నడుమ పల్లపు నేలలు తేరిన పిదప, మన పూర్వులు నిజాము సీమనుండి కూలిపనికై వచ్చిరి. రాళ్లు మోసిరి, మేడలు కట్టిరి. కామాఠీలను వారి పేరే ఈ పేటకు కామాఠీపురా యని నిలిచినది. తరువాత వచ్చిన పద్మశాలీలు మిల్లులలో మగ్గముల ముందు పాళీ పొడుగునను నిలిచి పనిచేసిరి. 1982 సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. వారి మనుమలు నేడు దుకాణములలోను ఆఫీసులలోను కూర్చుండువారు, టాక్సీ నడుపువారు. తాతలు తిన్న అన్నమే మనుమలును తినుచున్నారు. దానిని కరగించు పని మాత్రము పోయినది. పైగా మన దేశస్థులకు లావు కాకున్నను ఈ వ్యాధి వచ్చును. కాళ్లుచేతులు సన్నగానుండి పొట్ట ముందుకు వచ్చినచో చాలును. "నేను బక్కవాడను, నాకేల వచ్చును" అను ధైర్యము పనికిరాదు.

ఇక నాడుల సంగతి. మన వాడుకలో నరమను మాటను రక్తనాళమునకును వాడుదురు, నాడికిని వాడుదురు. ఇచ్చట మేము చెప్పునది వార్తలు మోయు తంతి వంటిది. నడుము దగ్గర వెన్నెముక ప్రక్కన నుండు ఒక జీవకణము తన తంతిని కాలి బొటనవ్రేలి వరకు పంపును. కంటికి కనబడని ఆ పోగు పొడవు ఇంచుమించు ఒక మీటరు. రక్తములో చక్కెర సంవత్సరముల తరబడి మితిమీరి యున్నచో, నాడి లోపలి కణములు దానిని తాళలేక చెడును. నాడికి రక్తము తెచ్చు అతి సన్నని నాళములును గట్టిపడి మూసికొనును. మన చాళ్లలో నీటి ఒత్తిడి తగ్గిన నాడు ముందుగా ఎండునది పై అంతస్తు చివరనున్న నల్లాయే కదా! అట్లే ముందుగా చెడునవి కాలివ్రేళ్లు. అచ్చటనుండి మేజోడు తొడిగినట్లు పైకి పాకి, మోకాలి దగ్గరకు వచ్చుసరికి చేతివ్రేళ్ల కొనలును మొదలగును. రెండు కాళ్లకును ఇంచుమించు సమముగా వచ్చుట దీని గుర్తు. మధుమేహము గలవారిలో సగము మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది కలుగునని వైద్యులు చెప్పుదురు.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. చరక సంహితలోని నిదానస్థానమున ప్రమేహమునకు ముందు కనబడు చిహ్నములలో, చేతులు కాళ్లు మొద్దుబారుటయు మంటలెత్తుటయు చెప్పబడియున్నవి. మూత్రమునకు చీమలు చేరుటయు అచ్చటనే యున్నది. చీమల మాటను మాత్రము మనవారందరు జ్ఞాపకముంచుకొనిరి. కాళ్ల మాటను మరచిరి.

మొదట తిమ్మిరి. తరువాత రాత్రి పడకలో మంట, సూదులు గ్రుచ్చినట్లు పోటు, దుప్పటి తగిలినను సహింపలేని బాధ. కొందరికి దూదిపై నడచినట్లుండును. కొందరికి కాలి చెప్పు జారి వెనుక పడిపోయినను తెలియదు. మంట యున్నవారు వైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. కొంతకాలమునకు మంట తగ్గును. మందు పనిచేసినదని సంతోషింతురు. ఒక్కొక్కప్పుడు నిజముగనే పనిచేసి యుండును. ఒక్కొక్కప్పుడు ఆ నాడి పూర్తిగా చచ్చి యుండును. ఈ రెంటికిని భేదము రోగికి తెలియదు. పరీక్ష చేసినగాని వైద్యునికిని తెలియదు.

నొప్పి లేకపోవుట ఎంతటి కీడో లోకమునకు చూపినవారిలో ఒకరు మన తెలుగు నేలకు పొరుగుననే, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన శస్త్రవైద్యులు పాల్ బ్రాండ్. వారు 1946లో అచ్చటికి వచ్చిరి. కుష్ఠురోగుల వ్రేళ్లు ఆ రోగముచేతనే కుళ్లి రాలిపోవునని అంతవరకు జనులు నమ్మియుండిరి. బ్రాండుగారును వారి సహచరులును ఒక్కొక్క గాయమును పట్టి, ఇది ఎట్లు వచ్చినదని విచారింపగా వేరొక సంగతి తేలినది. స్పర్శ లేని చేయి కాగిన గిన్నెను పట్టును. స్పర్శ లేని కాలు మేకుపై అడుగు వేసి అట్లే నడచిపోవును. నిద్రలో ఎలుక కొరికినను మెలకువ రాదు. గాయపడిన కాలితోనే మరల మరల నడచుటచేత అది ఎముక వరకు పోవును. 1966లో వారు అమెరికాలోని కార్విల్ చికిత్సాలయమునకు వెళ్లిన పిమ్మట, మధుమేహ రోగుల పాదములును సరిగా అట్లే చెడుచున్నవని గ్రహించి, అదే చికిత్సను వీరికిని వర్తింపజేసిరి. పుండుపడిన పాదముపై బరువు మోపనీయకుండుట, పాదమునకు తగిన మెత్తని చెప్పులు, ప్రతిదినము పాదపరీక్ష – ఇంతే ఆ చికిత్స. వెల్లూరులో కుష్ఠురోగులకై సిద్ధపరచిన సూక్ష్మరంధ్రముల రబ్బరు చెప్పులే నేడు ఎం.సి.ఆర్. చెప్పులను పేర మధుమేహము గలవారికి చెప్పబడుచున్నవి. అవి చూపునకు అందముగా లేవని మన యువకులు ముఖము చిట్లింతురు. కాలు లేకుండుట అంతకంటె అందముగా నుండదు.

ఇచ్చటనే మరియొక మాట. తిమ్మిరి యన్నచో కుష్ఠు అనుకొందురేమో యను భయముతో దాచువారు మనలో కలరు. మధుమేహము అంటురోగము కాదు. చర్మముపై స్పర్శ లేని మచ్చ యున్నచో అది వేరుగా చూపించుకొనవలసినది. దానికిని నేడు పూర్తిగా నయము చేయు మందులు ఉచితముగా లభించుచున్నవి. రెంటిలో దేనినైనను దాచుటవలన లాభము లేదు.

వెల్లూరు కథ మనకు దూరము కాదు. మన గల్లీలలో ఎలుకలు లేవని చెప్పగలవారెవరు? కాళ్లు తిమ్మిరెక్కినవని వేడినీటిలో పెట్టుటయు, వేడి ఇటుకకు గుడ్డ చుట్టి కాపడము పెట్టుటయు మన అవ్వల వైద్యము. ఇతరులకు అది హాయి. వీరికి చర్మము ఊడివచ్చు ప్రమాదము. ఉదయము బొబ్బ కనబడువరకు కాలినదని తెలియదు. నీటి వేడిని స్పర్శ చెడని ఇంటివారి చేతితో చూడవలెను. ఆనెలను బ్లేడుతో కోసికొనుటయు, మందుల దుకాణమున దొరకు ఆనె పట్టీలు అంటించుటయు వీరికి తగదు. అయ్యప్ప దీక్షలో 41 దినములు చెప్పులు లేక తిరుగువారును, షిరిడీకి కాలినడకన పోవువారును మనలో పలువురు కలరు. వారి భక్తిని మేము తప్పుపట్టుట లేదు. పాదముల స్పర్శ తగ్గినవారు ముందుగా గురుస్వామికి చెప్పుకొని పాదరక్షలకు అనుమతి పొందవలెను. తెలిసి చెప్పినచో కాదను గురుస్వామిని మేమింతవరకు చూడలేదు.

వానకాలము సంగతి మీకే ఎక్కువ తెలియును. 2005 జూలై 26 నాటి వరదను మరచినవారు లేరు. ఆ తరువాత ఈ నగరమున లెప్టోస్పైరోసిస్ జ్వరము పలువురికి వచ్చెను. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి, పగిలిన చర్మము గుండ అది ఒంటిలో ప్రవేశించును. మడమల పగుళ్లు, వ్రేళ్ల నడుమ ఒరుపు గలిగి, వాని నొప్పి తెలియనివాడు ఆ నీటిలో మోకాలిలోతున నడచుట ఎట్టిదో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

మధుమేహముచేత కాలు తీయవలసివచ్చిన వారిలో నూటికి సుమారు 85 మందికి మొదట కనబడినది ఒక చిన్న పుండు. కావున రాత్రి భోజనమైన పిదప ఇంటిలో ఎవరైన ఒకరు పెద్దల అరికాళ్లను, మడమలను, వ్రేళ్ల సందులను వెలుతురులో చూడవలెను. ఒంటరిగా నుండువారు నేలపై అద్దము పెట్టి చూచుకొనవచ్చును. చెప్పులు తొడుగుకొనుటకు ముందు లోపల చేయిపెట్టి తడుముకొనవలెను. ఎఱ్ఱదనము గాని, బొబ్బ గాని, తడి గాని, దుర్వాసన గాని యున్నచో మరునాడే ఆస్పత్రికి పోవలెను. పసుపు పెట్టి వారము దినములు చూతమనుకొనరాదు. 1845లో తెరువబడిన జె.జె. ఆస్పత్రి ఒక ప్రక్క, 1921లో వెలసిన నాయర్ ఆస్పత్రి ఒక ప్రక్క, రెండును మనకు నడచిపోవు దూరమున నున్నవి. పల్లెలలోని మన బంధువులకు ఇట్టి అదృష్టము లేదు. పది గ్రాముల బరువుకు వంగు నైలాను పోగును పాదమునకు ఆనించి, తెలియుచున్నదా యని అడుగు పరీక్ష యొకటి కలదు. సూది లేదు, రక్తము లేదు, రెండు నిమిషముల పని. సంవత్సరమునకు ఒకసారి దానిని అడిగి చేయించుకొనవలెను. రద్దీలో వైద్యుడు తానుగా చెప్పకపోవచ్చును; మేజోళ్లు విప్పి కూర్చుండినచో చూడకుండ పంపడు.

చేతులను గూర్చి కొంచెము చెప్పెదము. బీడీలు చుట్టు స్త్రీలకును, కుట్టుపని చేయువారికిని వ్రేళ్ల కొనలే జీవనము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు – ఈ మూడు మాత్రమే రాత్రులందు తిమ్మిరెక్కి, చేయి విదిలించినచో తగ్గుచున్నచో, అది మణికట్టులో ఒక నాడి నొక్కుకొనుటవలన వచ్చునది. మధుమేహము గలవారికి ఇది ఇతరులకంటె ఎక్కువగా వచ్చును. పట్టీతోను, అవసరమైనచో చిన్న శస్త్రచికిత్సతోను నయమగును. దీనిని వయసు మీద త్రోసివేసి చేతిపనిని పోగొట్టుకొనుట తెలివి కాదు.

చచ్చిన పోగులకు మరల ప్రాణము పోయు మందు నేటికిని లేదు. ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి మంటను తగ్గించును, అంతే. చెడకుండ ఆపుట సాధ్యమే. అమెరికా, కెనడా దేశములలో 1983 మొదలు 1993 వరకు 1,441 మందిపై జరిగిన పరిశోధనలో, చిన్ననాటనే ఇన్సులిన్ అవసరమగు రకము మధుమేహము గలవారు చక్కెరను గట్టిగా అదుపులో నుంచుకొన్నచో నాడుల వ్యాధి 60 శాతము తగ్గెనని తేలినది. పెద్దవయసున వచ్చు రకములో అంత లాభము కనబడకున్నను, లాభము లేకపోలేదు. బీడీ సిగరెట్లు మానుట, రక్తపుపోటును అదుపులో నుంచుట కూడ ఈ చికిత్సలోనివే.

మన ఇచ్ఛ లేకయే పనిచేయు నాడులును కలవు. గుండె, కడుపు, మూత్రాశయము వాని అధీనములోనివి. అవి చెడినచో రెండు ముద్దలకే కడుపు నిండును. మూత్రము పూర్తిగా వెడలదు. పురుషులకు దాంపత్యమున లోపము కలుగును – దీనిని సిగ్గుపడి దాచి గోడమీది ప్రకటనల వైద్యుల పాలగుచున్నారు. రాత్రి పడకనుండి లేచి బయటి మరుగుదొడ్డికి నడచునపుడు రక్తపుపోటు దిగజారి, మెట్లమీద పడి తుంటి విరిగినవారు కలరు. లేచి కూర్చుండి, కొంత తాళి, గోడ పట్టుకొని నిలువవలెను. అన్నిటికంటె భయంకరమైనది గుండెపోటు నొప్పి లేకయే వచ్చుట. కారణము లేని చెమట, ఆయాసము, నీరసము చాలును. ఛాతీ నొప్పికై వేచియుండరాదు.

ఇక మెదడు. అది మన బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే, కాని శరీరము ఖర్చుపెట్టు శక్తిలో ఇరువది పాళ్లు తానే తినును. దాని ముఖ్యాహారము రక్తములోని చక్కెర. కావున ఎక్కువైనప్పుడు మెల్లగా చెడు మెదడు, తక్కువైనప్పుడు నిమిషములలో తడబడును. మాత్ర వేసికొని ఒక్కపొద్దు ఉండువారు, ఇన్సులిన్ సూది వేసికొని వంట ఆలస్యమైనవారు దీనిని ఎరుగుదురు. నూరు మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో చేతులు వణకును, చెమట పట్టును, గుండె దడదడలాడును. ఇంకను తగ్గినచో మాట తడబడును, కోపము వచ్చును, తూలి పడుదురు. మన పేటలో తూలి పడినవానిని చూచినచో జనులు ఏమనుకొందురు? త్రాగినాడనుకొని ప్రక్కనుండి పోవుదురు. అతని జేబులో షుగరు మాత్రల చీటి యున్నదేమో చూడుడు. స్పృహ యున్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, పావుగంట తాళి, తగ్గకున్నచో మరల ఇయ్యవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు. 108కు ఫోను చేయవలెను. ఏండ్లుగా చక్కెర పలుమార్లు తగ్గినవారికి వణుకు చెమటలను ముందు హెచ్చరికయే పోవును. మరల నొప్పి లేని పుండు కథయే. ఏకాదశికో, శివరాత్రికో ఉపవాసము చేయదలచినవారు ముందుగా వైద్యునితో మాత్ర మోతాదును మాటాడుకొనవలెను.

మధుమేహము గలవారికి పక్షవాతము వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు రెండింతలు. మూతి వంకరపోయినను, ఒక చేయి జారినను, మాట ముద్దయైనను, మొదట గడియారము చూచి వేళ వ్రాసికొనవలెను. మెదడు నాళములోని గడ్డను కరగించు మందు మొదటి నాలుగున్నర గంటలలో ఇచ్చినచో మేలు. మనవారిలో కొందరు పావురపు నెత్తురు పూయుదురు. కొందరు నాటుమందుకై ఊరికి రైలెక్కింతురు. ఆ రైలు కల్యాణు దాటి ఘాటు ఎక్కకముందే ఆ నాలుగున్నర గంటలలో చాల భాగము గడచిపోవును.

మూడవది మతిమరపు. మధుమేహము గలవారికి మతి క్షీణించు వ్యాధులు ఇతరులకంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో, నివారింపదగిన 14 కారణములలో దీనిని చేర్చినది. ఇంటిలో ఇది మొదట మాత్రల దగ్గర కనబడును. తాతగారు ఉదయము మాత్ర వేసికొని, మరచి, మరల వేసికొందురు, చక్కెర పడిపోవును, మెదడు మరింత చెడును. వారములోని ఏడు దినములకు ఏడు గదులున్న చిన్న డబ్బా మందుల దుకాణములలో దొరకును. దానిని కోడలో మనుమడో నింపవలెను. వృద్ధులకు చక్కెరను మరీ బిగించి పెట్టుట మంచిది కాదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఎంత అన్నది వారినే అడుగవలెను.

అన్ని తిమ్మిరులును చక్కెరవలననే రావు. మెట్‌ఫార్మిన్ మాత్రను ఏండ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి-12 విటమిను తగ్గును. దానివలనను కాళ్లు మొద్దుబారును, జ్ఞాపకశక్తియు తగ్గును. దీనికి పరీక్ష కలదు, చికిత్స కలదు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును సాధించి రక్తహీనతకు మందు చూపినది. అయితే బి-12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లమొక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడుచు, నాడులు లోలోపల చెడుచునే యుండును. కావున మెట్‌ఫార్మిన్ మాత్రను మీ అంతట మీరు మానరాదు. దుకాణదారుడు చెప్పెనని బలము మాత్రలు మ్రింగరాదు. లోపము లేనివారికి "నరముల సూదులు" వేయించుకొనుట డబ్బు దండుగ.

చివరగా మన భాష సంగతి. ఆస్పత్రిలో మన పెద్దలు పడు పాట్లు మీరెరుగుదురు. మేమెరిగిన ఒక అవ్వ ఒక దవాఖానాలో "చక్కెర, చక్కెర" అని మొరపెట్టుకొన్నది. అచ్చటివారు అది హిందీ "చక్కర్" అనుకొని, కళ్లు తిరుగుటకు మాత్రలిచ్చి పంపిరి. మరియొక తాతను "పాయ్ బధీర్ హోతో కా" అని మరాఠీలో అడిగిరి. మన భాషలో బధిరుడనగా చెవిటివాడు కదా. "నాకు చెవులు బాగుగనే వినబడును" అని ఆయన కోపముతో లేచివచ్చెను. మరాఠీలో ఆ మాటకు మొద్దుబారుట యనియు అర్థము. తిమ్మిరిని వారు "పాయాలా ముంగ్యా యేతాత్" అందురు. ముంగ్యా యనగా చీమలే, మనమును చీమలు పాకినట్లున్నదందుము కదా. మంటను "పాయాంచీ ఆగ్ హోతే" అందురు. హిందీలో మొద్దుబారుటను "సున్న్" అనియు, మంటను "జలన్" అనియు అందురు. వ్యాధి పేరు చెప్పునపుడు చక్కెర యనక షుగరు అనవలెను.

మన పిల్లలలో తెలుగు చదువువారు తగ్గినారు. ఆ విచారము వేరు. మరాఠీ, ఇంగ్లీషు వ్రాయగలవారు ప్రతి ఇంటను కలరు. ఈ రాత్రియే వారిని కూర్చుండబెట్టి, అవ్వ తాతలను అడిగి ఒక కాగితము వ్రాయింపుడు: షుగరు ఎన్ని ఏండ్లుగా నున్నది, ఏ మాత్రలు ఏ వేళ, తిమ్మిరి ఎచ్చట మొదలై ఎంత వరకు వచ్చినది, ఎన్నడైన పుండు పడినదా, ఎన్నడైన తూలి పడిరా. ఒక ప్రతిని మందుల డబ్బా మూతకు లోపలివైపున అంటించి, రెండవ ప్రతిని వారి జేబులోనో కొంగు ముడిలోనో ఉంచుడు.